ద్విచక్ర వాహన శయన విధి

మోటారు సైకిలుపై విహారయాత్రకు బయలుదేరిన వ్యక్తి రాత్రి బసకు లాడ్జి చేరిన క్షణం నుంచి మరునాటి ఉదయం అక్కడి నుంచి కదిలే వరకు తన బండి విషయంలో పాటించే ఆచారాల సముదాయాన్ని వాహన శయన విధి అనవచ్చు. ఈ విధి సంపూర్ణ రూపంలో కనిపించేది శీతకాలంలో, ముఖ్యంగా డిసెంబరు, జనవరి నెలల్లో, పొగమంచు కోసం విశాఖపట్నం వైపు నుంచి జట్లు జట్లుగా బండ్లు ఎక్కివచ్చే అరకు, పాడేరు, లంబసింగి ప్రాంతాల లాడ్జిల్లో. దీనికి మూలసూత్రం ఒక్కటే: లాడ్జి అన్నది ప్రధానంగా బండి విశ్రాంతి కోసం కట్టిన కట్టడం, గదులు, మంచాలు, వాటిపై నిద్రించే మనుషులు దానికి అనుబంధాలు. ఈ సూత్రాన్ని జీర్ణించుకున్న యాత్రికుడికి కింది నియమాలన్నీ సహజంగానే అలవడతాయి.

ఆగమనం

లాడ్జిని రాత్రి పదకొండు దాటిన తరువాత చేరడం శ్రేష్ఠం. గేటు మూసి ఉంటే దిగి తలుపు తట్టడం బండి గౌరవానికి భంగకరం కనుక, వాచ్‌మన్ లేచి వచ్చే వరకు హారన్ మోగించాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నివాస ప్రాంతాల్లో అత్యవసర పరిస్థితిలో తప్ప హారన్ కొట్టకూడదు; ఆ వేళల్లో అక్కడి శబ్ద పరిమితి 45 డెసిబెళ్లు. అయితే చలిలో ఘాట్ ఎక్కివచ్చిన వ్యక్తికి వేడి టీ తాగవలసి రావడం కంటే అత్యవసర పరిస్థితి మరొకటి ఉండదని ఈ రంగంలోని పెద్దలు ఏకాభిప్రాయంతో ఉన్నారు. జట్టు నాయకుడు లోపల అద్దె బేరమాడుతున్నంతసేపూ తక్కిన వారు ఇంజన్లు ఆపకుండా నిలబడాలి. కంపెనీ అమర్చిన సైలెన్సరు తీసేసి అంతకంటే గట్టిగా మోగేది తగిలించుకున్న వారు మధ్యమధ్య యాక్సిలరేటరు తిప్పుతూ ఉంటే బేరం త్వరగా తెగుతుంది.

స్థల నిర్ణయం

ఒక కారుకు సాధారణంగా రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు గల గడి కేటాయిస్తారు. అందులో సగం చోటులోనే రెండు బండ్లు హాయిగా నిలుస్తాయి. ఈ లెక్క తెలిసిన సామాన్యుడు గోడ వారగా సర్దుకుంటాడు, విధి తెలిసినవాడు గడికి సరిగ్గా నట్టనడుమ ఒకే బండిని, అదీ కాస్త ఏటవాలుగా నిలుపుతాడు. పోర్టికో కింద చోటు దొరికితే మరీ మంచిది, ఎందుకంటే లోపలికి వెళ్లే ప్రతి అతిథీ పెట్టెతో పాటు పక్కకు ఒదిగి, బండిని దర్శించుకునే వెళ్లవలసి వస్తుంది. అప్పుడే ఆగిన బండి సైలెన్సరు నిప్పులా ఉంటుంది గనుక, పిల్లల పిక్కలకు ఆ దర్శనం చాలాకాలం గుర్తుంటుంది. చక్రాల కుర్చీ కోసం కట్టిన వాలుదారి, అగ్నిప్రమాద సమయంలో బయటపడే తలుపు కూడా యోగ్యమైన స్థానాలే. సర్వోత్తమమైనది జనరేటరు గది గుమ్మం: గాలివానకు కరెంటు పోయిన రాత్రి, ఆ తలుపు తెరుచుకోక లాడ్జి మొత్తం చీకట్లో కూర్చున్నప్పుడు, ఆ బండి ఎవరిదన్న ప్రశ్న ప్రతి అంతస్తులోనూ వినబడుతుంది.

స్థాపనం

బండిని నిలిపే పద్ధతులు రెండు. ఎడమవైపు ఒరిగి నిలిచేలా చేసేది సైడ్ స్టాండు. వెనుక చక్రాన్ని కాస్త పైకెత్తి నిటారుగా నిలిపేది సెంటర్ స్టాండు. కొండ ప్రాంతపు లాడ్జిల ఆవరణ తరచూ వాలుగా, మంచుకు తడిసి మెత్తగా ఉంటుంది కాబట్టి సైడ్ స్టాండు కొన మట్టిలోకి దిగబడుతుంది. దాని కింద ఒక పలక రాయి పెట్టి, బండిని ఎగువ ముఖంగా తిప్పి, మొదటి గేరులో ఉంచితే ఇంజను చక్రాన్ని కదలనివ్వక పట్టి ఉంచుతుంది. ఇది మెకానిక్కులు చెప్పే మాట, అందువల్లనే త్యాజ్యం. విధి ప్రకారం బండిని న్యూట్రల్‌లో, పల్లం ముఖంగా నిలపాలి. అది అంగుళం అంగుళం ముందుకు జారేకొద్దీ స్టాండు వెనక్కి మడుచుకుంటుంది. ఒక క్లాసిక్ 350 బరువు 195 కిలోలు గనుక, వరుసలో మొదటిది ఒరిగితే తక్కినవి దాని అభిప్రాయంతో ఏకీభవిస్తాయి.

ఆ తరువాత హ్యాండిల్ లాకు వేసి, డిస్కు బ్రేకుకు తాళం బిగించి, ఆ బండిని ఎవరి కారుకైనా అడ్డంగానే ఉంచి గదికి చేరాలి. పాడేరు దగ్గరి వంజంగి కొండపై మేఘాల మీదుగా సూర్యోదయం చూడాలని తెల్లవారుజామున మూడింటికే బయలుదేరే కుటుంబం ఏదో ఒకటి ప్రతి లాడ్జిలోనూ ఉంటుంది. “సార్, కొంచెం బండి తియ్యాలి సార్” అంటూ వాచ్‌మన్ ఒక్కో తలుపూ తడుతూ వచ్చే వేళకు బండి యజమాని ఫోను కట్టేసి గాఢనిద్రలో ఉండడం ఉత్తమ లక్షణం.

బాధ్యతా సిద్ధాంతం

శయన విధిలో అత్యంత సూక్ష్మమైన భాగం ఇది. “వాహనాల బాధ్యత యజమానులదే” అన్న బోర్డు లేని లాడ్జి అరుదు. చట్టం దృష్టిలో ఆ బోర్డు అన్నివేళలా చివరి మాట కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 148వ సెక్షను, ఒక వస్తువును ఒక పని నిమిత్తం మరొకరికి అప్పగించి, పని తీరాక తిరిగి తీసుకునే ఏర్పాటును బెయిల్‌మెంటు అంటుంది. అలా తీసుకున్నవారు దానిని తమ సొంత వస్తువును సామాన్య వివేకి చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలని 151వ సెక్షను చెబుతుంది. 1998లో ఢిల్లీలోని ఒక పెద్ద హోటల్లో సిబ్బంది చేతికి తాళం ఇచ్చిన కారు చోరీకి గురైన వ్యాజ్యంలో, తన నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టం నుంచి హోటల్ కేవలం టోకెనుపై అచ్చువేసిన మాటలతో తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యం తాళం చేతులు మారడం చుట్టూ తిరిగింది.

విధిజ్ఞుడి మార్గం దీనికి భిన్నం. అతడు తాళం చెవిని తలగడ కింద దాచుకుంటాడు, రసీదు అడగడు, బండి నంబరును రిజిస్టరులో రాయించడు. మెట్లెక్కుతూ వెనక్కి తిరగకుండానే “అన్నా, బండి చూస్కో” అంటాడు. ఈ మూడు మాటలతో, చట్టసభలు కల్పించలేకపోయిన సంపూర్ణ బాధ్యత ఒకటి, కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్న మనిషి మీద పడుతుంది. ఉదయం అద్దం విరిగి ఉన్నా, ట్యాంకులో పెట్రోలు తగ్గినా, టైరుపై కుక్క తన పని కానిచ్చినా, సమాధానం చెప్పవలసింది అతడే. ఇంత బాధ్యతకు ప్రతిఫలంగా టీ డబ్బులు ఇవ్వడం దానిని చులకన చేయడమే అవుతుంది.

పరిచర్య

రాత్రి వేళ బండికి చేయవలసిన సేవలో తెల్లని టవలుకు విశేష స్థానం ఉంది. లాడ్జి గదిలో రెండు టవళ్లు పెట్టడానికి కారణం ఒకటి ఒంటికి, మరొకటి చైనుకు అని గ్రహించాలి. చైనుపై నూనె స్ప్రే కొట్టేటప్పుడు పోర్టికో టైల్స్ మీద అట్టముక్క పరచడం అనవసరమైన సంకోచం. చివరగా అలారం బిగించాలి. అది ఎంత సున్నితంగా ఉంటే అంత మేలు, ఎందుకంటే పిల్లి సీటెక్కిన ప్రతిసారీ ఆవరణంతా దద్దరిల్లితే బండి క్షేమంగా ఉన్నదన్న సమాచారం అందరికీ సమానంగా చేరుతుంది.

నిష్క్రమణ

ఉదయం ఐదింటికి, కింది అంతస్తు కిటికీల పక్కన, పది నిమిషాల పాటు ఇంజను వేడిచేయాలి. గాలిని, పెట్రోలును యాంత్రికంగా కలిపి అందించే కార్బురేటరు ఉన్న రోజుల్లో, చలికి మొరాయించే ఇంజనుకు చోక్ లాగి కాసేపు ఆగడం అవసరమే. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాలతో కొత్త బండ్లలో ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి వ్యాపించి, చలిని అదే కనిపెట్టుకుని సర్దుకుంటోంది. కాసేపాగి నెమ్మదిగా కదిలితే చాలు. అయినా అవసరం తీరిన తరువాత కూడా ఆచారాన్ని నిలబెట్టడమే సంప్రదాయమంటే.

ఆచారభ్రష్టులు

ఈ విధిని ఉల్లంఘించేవారు లేకపోలేదు. వారు గేటు బయటే ఇంజను ఆపి, బండి ఎక్కడ పెట్టాలో అడిగి, చూపిన చోట గోడ వారగా నిలుపుతారు. గది నంబరును చీటీపై రాసి వాచ్‌మన్‌కు ఇస్తారు. పాతగుడ్డ తామే తెచ్చుకుంటారు. తెల్లవారుజామున బండిని రోడ్డు దాకా నెట్టుకుంటూ వెళ్లి అక్కడ స్టార్టు చేస్తారు. వారి బండ్లను ఎవరూ గమనించరు, వారి రాక గాని పోక గాని ఎవరి నిద్రలోనూ నమోదు కాదు. సంక్రాంతి సెలవుల్లో ఊరంతా గదులు నిండిపోయినప్పుడు, ఇటువంటి వారికి మాత్రం మేనేజర్లు ఎలాగో ఒక గది సర్దుతూ ఉంటారు. ఈ వైపరీత్యానికి కారణమేమిటో విధిజ్ఞులు లాడ్జి లాడ్జికీ తిరుగుతూ, హారన్ మోగిస్తూ ఇప్పటికీ విచారిస్తూనే ఉన్నారు.