అడుగు కాక్ విప్పేవాడేడీ?

మా రోజుల్లో బొంబాయి భావూచా ధక్కా రేవు దగ్గర పొద్దున్నే లాంచీ ఇంజను తిప్పే ముందు ఖలాసీ కుర్రాడు ఒక పని చేసి తీరాలి. డీజిల్ టాంకీ అడుగున ఉన్న కాక్ కొంచెం విప్పి, గాజు సీసాలో సగం దాకా పట్టి, వెలుతురుకెత్తి మిస్త్రీకి చూపించాలి. సీసా అడుగున నీటి పూసలు దొర్లితే అది వేరే డబ్బాలో పోసి మళ్ళీ పట్టాలి. తేటగా రాకముందే హ్యాండిల్ మీద చెయ్యి వేశాడో, వీపు విమానం మోతే.

ఇప్పటి పోరగాళ్ళని ఆ కాక్ ఎక్కడుందో చూపించమనండి. రంగు మీద రంగు పడి మూసుకుపోయి ఉంటుంది, పానా వేసినా తిరగదు. "తాతా, సెన్సరున్నది గదా, నీళ్ళొస్తే బత్తి ఎలుగుతది" అంటారు. ఆ సెన్సరు ఉండేది ఫిల్టరు గిన్నెలో రా నాయనా! టాంకీలో నీళ్ళు పోగై గిన్నె దాకా వచ్చేసరికి అడుగు ఇనుముకి ఎప్పుడో తుప్పు పట్టేసి ఉంటుంది.

ధారావిలో ఉండేవాడికి పడవలతో ఏం పని అంటారా? మాది పాలమూరు. మా పెద్దలు కామాటిపురలో దిగి రాళ్ళూ ఇటుకలూ మోశారు, నేను డీజిల్ వాసనలో పడ్డాను. దారూఖానా, ససూన్ డాక్, భావూచా ధక్కా — నా బతుకంతా అక్కడే. అయినా ధారావి అసలు చేపలు పట్టే కోలీల ఊరు. 1909 నాటి బొంబాయి గెజెటీరు ఆరు పెద్ద కోలీవాడల్లో దీన్నీ ఒకటిగా చెప్పింది. మాహిం ఖాడీ పూడుకుపోయాక చేపలు పోయాయి, పేరు మిగిలింది.

పడవ యజమానులకి భయమంతా బయటి ఉప్పునీళ్ళ గురించే. పడవ అడుగుకి రంగు వేయిస్తారు, జింకు దిమ్మెలు కట్టిస్తారు. ఇంజను ప్రాణం తీసేది లోపలి నీళ్ళు. టాంకీ సగం ఖాళీగా ఉంటే ఆ సగంలో ఉండేది బొంబాయి గాలి, అంటే తడి గాలి. పగలు రేకు వేడెక్కుతుంది, రాత్రి చల్లబడుతుంది, లోపలి గోడకి చెమట పడుతుంది. అది కారి డీజిల్ కిందికి చేరుతుంది. పైన మూతకి రబ్బరు వాషరు పగిలిందా, అలల తుంపరా వానా కూడా లోపలికే. డీజిలూ నీళ్ళూ కలిసే గీత దగ్గర సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. ఆ డీజిల్ తిని, ఆ నీళ్ళలో పెరిగి, నల్లటి జిగురు కక్కుతాయి. ఆ జిగురులో పులుపు ఉంటుంది, రేకుకి గుంటలు పడేది దానివల్లే. ఊడిన తుప్పు ఫిల్టరుకి, అదీ దాటితే పంపుకి, నాజిలుకి. పంపు లోపలి ప్లంజరుకీ దాని గూటికీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే. అక్కడ జిడ్డుగా ఉండాల్సింది డీజిల్, నీళ్ళు చేరితే ఇనుముని ఇనుమే గీకుతుంది.

వేట నిషేధం జూన్ 1 నుంచి జులై 31 దాకా. నారళీ పున్నానికి కొబ్బరికాయ సముద్రంలో వేసి మళ్ళీ బయల్దేరతారు. పడవ ఊరికే పడి ఉండే ఆ రెండు నెలల్లోనే టాంకీ పాడయ్యేది. అందుకే మా ఉస్తాదు మే నెలాఖరుకి అడుగు నీళ్ళు తీయించి, డీజిల్ వ్యాకోచించడానికి కొంచెం జాగా వదిలి, టాంకీ మెడ దాకా నింపించేవాడు. ఇప్పుడు పడవ నడిపే తాండేలుకి ఆ మాట చెబితే, "రెండు నెలలు అంత సొమ్ము టాంకీలో ఎందుకు పారేస్తాం కాకా?" అంటాడు. అతన్ని అనడానికి నాకూ నోరు రాదు. సొసైటీ పంపులో డీజిల్‌కి ముందు డబ్బు కట్టాలి, వ్యాటు వాపసు ఎప్పటికో గానీ రాదు. కానీ ఆగస్టులో పంపు విప్పదీసినప్పుడు అదే తాండేలు నా మొహం చూస్తాడు.

డ్రమ్ముల సంగతి వేరే చెప్పాలి. మా ధారావి తేరా కంపౌండులో పాత డ్రమ్ములు కడిగి, సొట్టలు తీసి, రంగేసి అమ్ముతారు. పని బాగానే చేస్తారు, తప్పు కొనేవాడిది. డ్రమ్ముని నిటారుగా బయట నిలబెడతాడు. పైరేకు మీద వాన నీళ్ళు నిలుస్తాయి. రాత్రి డ్రమ్ము చల్లబడి ఊపిరి లోపలికి పీల్చినప్పుడు బిరడా సందులోంచి ఆ నీళ్ళనీ పీలుస్తుంది. మా రోజుల్లో డ్రమ్ముని పడుకోబెట్టి, రెండు బిరడాలూ ఒకే ఎత్తున, డీజిల్ మట్టానికి కిందుగా ఉంచేవాళ్ళం. కొలకర్రకి పేస్టు రాసి అడుగుకి దించితే, నీళ్ళున్నంత మేర రంగు మారేది. ఆ పేస్టు ఇప్పుడూ దొరుకుతుంది, అడిగేవాడే లేడు.

అప్పుడంతా బంగారమేమీ కాదు. మాకంటే పెద్దవాళ్ళు డీజిల్‌కి జింకు పూత టాంకీలు పెట్టారు, రాగి గొట్టాలు వేశారు. జింకూ రాగీ డీజిల్‌ని పాడుచేస్తాయి, ఆ గసి మేమే తోడాం. డీజిల్‌లోని గంధకం సంగతీ అంతే. దేశమంతా 2017లో పది లక్షల పాళ్ళకి 50, 2020 ఏప్రిల్ నుంచి 10కి దించారు. ఇంజను లోపల పుట్టే ఆమ్లం తగ్గింది, పొగ కంపూ తగ్గింది, ఒప్పుకుంటాను. కానీ గంధకం తీసే శుద్ధిలో డీజిల్‌కి సహజంగా ఉన్న జిడ్డూ పోయింది, దానికి మళ్ళీ మందు కలుపుతున్నారు. మా నాజిళ్ళు 200 బార్ దగ్గర తెరుచుకునేవి, ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లు 1,600 బార్ దాటి తోస్తాయి. ఆ ఒత్తిడి దగ్గర కాస్త నీరు తగిలినా నాజిల్ మూతి ఎగిరిపోతుంది. పెట్రోలు స్పీడుబోట్ల వాళ్ళ తంటా ఇంకొకటి. పెట్రోల్లో కలిపే 20 శాతం ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, ఎక్కువైతే నీళ్ళతో సహా విడిపోయి అడుగున కూర్చుంటుంది.

ఇంత చెబితే ఒక యజమాని సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. పురుగుని చంపే మందట. చంపుతుంది, నిజమే. చచ్చిన జిగురంతా ఫిల్టరుకి అడ్డంపడుతుంది, నీళ్ళు ఉన్నచోటే ఉంటాయి. టాంకీ విప్పి లోపల తుడవాలి అన్నాను. వంగి చూస్తే కొత్త టాంకీకి చెయ్యి దూరే మూతే లేదు, నాలుగు వైపులా వెల్డింగు కొట్టేశారు. ఆ వెల్డరుని పిలవమంటే, గణపతి పండక్కి రత్నగిరి వెళ్ళాడు, పది రోజులు రాడన్నారు.