సైకిలోళ్లని గీతలో పెట్టే చిట్కాలు

శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లోనో, విజయనగరం గంటస్తంభం దగ్గరో సైకిలు అడ్డమొచ్చి మీకు విసుగెత్తుతోందా? సైకిల్ లేన్ గీయించండి. అందులోనే తొక్కాలని చట్టం తెప్పించండి. రోడ్డు మీదైపోతుంది.

1. ముందు చట్టం, తర్వాతే లేన్. 2019 సవరణలో మోటారు వాహనాల చట్టానికి 138(1ఎ) చేర్చారు. సైకిళ్లు ఎక్కడ తిరగాలో రాష్ట్రమే నియమాలు రాయొచ్చు. 2025 అక్టోబర్ 7న సుప్రీంకోర్టు ఆర్నెల్లలో రాయమంది కూడా. కోర్టు బెంగ నడిచేవాళ్ల, సైకిలోళ్ల ప్రాణాల గురించి. ఆ ముక్క వదిలేసి "కోర్టు చెప్పింది" అన్నది పట్టుకోండి.

2. గీత కాలవ పలకల మీద గీయించండి. కరెంటు స్తంభం వస్తే ఇవతల ఆపి అవతల మొదలెట్టండి. మధ్యలో ఏం చెయ్యాలో తొక్కేవాడే చూసుకుంటాడు.

3. లేన్ ఖాళీగా ఉంచకండి. పొద్దున్న ఇడ్లీ బండి, పదింటికి మీ మోటారు సైకిలు, సాయంత్రం చేపల తట్టలు. కోతల రోజుల్లో సర్వీసు రోడ్డంతా ధాన్యం ఆరబెట్టి, చుట్టూ రాళ్లు పేర్చండి. ఎవరైనా అడిగితే "ఐదు నిమిషాలండీ, తీసేత్తాను" అనండి. ఆ ఒక్క మాటతో పొద్దు గూకుతుంది.

4. రోడ్డెక్కినవాణ్ణి అక్కడే నిలదియ్యండి: "ఏటి మావా, నీకని గీత గీసేరు గదా, రోడ్డు మీద నీకేటి పని?" అసలు లాభం ఇక్కడే ఉంది. పైడిభీమవరంలో రాత్రి షిఫ్టు దిగి హైవే అంచున తొక్కుకెళ్లేవాడికి మీ కారు తగిలిందనుకోండి. ఇదివరకు మీ స్పీడెంత, చేతిలో ఫోనుందా అని అడిగేవారు. ఇప్పుడు "లేన్‌లో ఎందుకు లేడు?" అన్నదే మొదటి ప్రశ్న. ఆ ప్రశ్న మీరే ముందు వేసెయ్యండి. లేన్‌లో ధాన్యం ఉందన్న సంగతి ఎత్తకండి.

5. ఫైల్లో హైదరాబాద్ ఫొటో పెట్టండి. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. కప్పు మనకొద్దు, ఫొటో చాలు. జర్మనీలో 1998 నుంచి నీలం బోర్డున్న చోట తప్ప లేన్‌లోనే తొక్కాలన్న నిర్బంధం లేదని ఎవరైనా అంటే, టీ తెప్పించండి.

6. అక్కకి బడికొస్తా పథకంలో వచ్చిన సైకిలు మీద చెల్లి హైస్కూలుకి వెళ్తుంటుంది. కొన్నాళ్లకి భయపడి ఇంట్లోవాళ్లే ఆటో ఎక్కిస్తారు. అప్పుడు లెక్క తీయించండి: "లేన్‌లో ఒక్క సైకిలూ తిరగడం లేదు." ఆ కాగితం చూపించి గీత చెరిపించండి. ఆ నాలుగడుగుల జాగా మీ షాపు పార్కింగ్‌కి రాయించుకోండి.