పదిశాతము లోపలి పాండిత్యము

పాత్రలు: ఆచార్యులు, శిష్యుడు, గ్రంథపాలకుడు, పదవీవిరమణము చేసిన తెలుగు పండితులు శాస్త్రిగారు.

స్థలము: ఒకానొక విశ్వవిద్యాలయ గ్రంథాలయములోని కంప్యూటరు గది. వెనుక ఆడపిల్లల తండ్రులు జాతకములు చేతబట్టుకొని సిద్ధాంతిగారి యరుగుపై గూర్చుండినట్లు, ఇప్పుడు పరిశోధకులు పెన్‌డ్రైవులు చేతబట్టుకొని యీ గది గుమ్మమున గూర్చుండెదరు. లోపలి యంత్రము పొంతన కుదిరినదనిన వీరి గుండె యాగును. అంతటి భేదము మాత్రమున్నది.

శిష్యుడు: (చేతులు జోడించి) అయ్యా, విజయవిలాసముపై నేను వ్రాసిన సిద్ధాంతగ్రంథము గతి యేమైనది?

గ్రంథపాలకుడు: నీవు మొదట దెచ్చిన ఫైలు 'అను' ఫాంట్లలో నుండుటచేత, నీ మూడువందల పుటలును యంత్రమునకు ఆంగ్లాక్షరముల కలగాపులగముగ గన్పట్టగా, అది ఇట్టి వాక్యము ఈ భూమండలమున నింతవరకు నెవ్వడును వ్రాసి యుండలేదని నిశ్చయించి, సామ్యము శూన్యమని తీర్పు చెప్పినది.

ఆచార్యులు: శూన్యమా! నా శిష్యులలో నింతటి స్వతంత్రుడు పుట్టుననుకొనలేదు.

గ్రంథపాలకుడు: తొందరపడకుడు. యూనికోడులోనికి మార్చి మరల బెట్టగా నలువదియేడు శాతము వచ్చినది. 2018వ సంవత్సరపు యు.జి.సి. నిబంధనలను బట్టి పదిశాతమువరకు శిక్ష లేదు. పది దాటి నలువది లోపున్నచో ఆరునెలలకు మించని గడువులో సవరించి తేవలెను. నలువది దాటి యరువది లోపున్నచో ఒక యేడాదిపాటు సవరించిన ప్రతిని సైతము సమర్పింపరాదు. అరువది దాటినదా, నమోదే రద్దగును.

ఆచార్యులు: ఈ శిక్షలన్నియు శిష్యునికే గదా?

గ్రంథపాలకుడు: సిద్ధాంతగ్రంథమునకైన నంతే. తాము ప్రకటించుకొన్న వ్యాసములలో అరువది దాటినచో మాత్రము వరుసగా రెండు వార్షిక ఇంక్రిమెంట్లు పోవును. మూడేండ్లు క్రొత్త శిష్యులను జేర్చుకొనరాదు.

ఆచార్యులు: ఇంక్రిమెంట్లా! (శిష్యునివైపు దిరిగి, గద్గదస్వరముతో) నాయనా, పరిశోధనలో సత్యనిష్ఠ యెంత యవసరమో యిప్పుడైన దెలిసికొంటివా?

శిష్యుడు: తెలిసికొంటిని గురువుగారూ, తెలిసికొని నలువదియేడును తొమ్మిదికి దింపితిని. వరుసగా పదునాలుగు పదములవరకు యాదృచ్ఛికముగ గలిసినను లెక్కలోనికి రాదని యా నిబంధనలలోనే యున్నది గదా. తెలుగున సంధులు గలిపి వ్రాసినచో పదునాలుగు పదములలో సీసపద్యమునకు తాత్పర్యము సగము దూరును. అందుచేత పండ్రెండేసి పదముల కొకచోట 'మరియు' అనియో 'కాగా' అనియో ముడివేసితిని. సంధులు గలిసినచోట విడదీసితిని, విడిగా నున్నచోట గలిపితిని. యంత్రము పాపము వ్యాకరణము చదువలేదు. 'ఇట్లనియె'ను 'ఇట్లు అనియె' అన్నంతమాత్రమున గుర్తుపట్టదు.

ఆచార్యులు: చిన్నయసూరి సంధిపరిచ్ఛేదమున కింతటి ప్రయోజనమున్నదని యిన్నాళ్లు పాఠము చెప్పియు నే నెరుగనైతిని!

(మూలనున్న కుర్చీలో ఒక పాతపుస్తకమును గన్నులకు దగ్గరగ బట్టుకొని చదువుచున్న శాస్త్రిగారు తలయెత్తుదురు. ఆ గదిలో అప్పటివరకు చదువుచున్నవారు ఆయన యొక్కరే.)

శాస్త్రిగారు: నాయనా, ఆ ప్రతి యిటు తెమ్ము. ఈ నాలుగవ యధ్యాయమంతయు తాపీ ధర్మారావుగారి హృదయోల్లాసవ్యాఖ్యలోనిది వలె నున్నదే! సాహిత్య అకాడమీవారు 1971లో బహుమాన మిచ్చిన యా గ్రంథమిదిగో నా చేతనే యున్నది. ఆయన పే రెచ్చటను గానరాదేమి?

శిష్యుడు: పేరు వ్రాసినచో ఉద్ధరణమగును గదండీ. ఉద్ధరణము లెక్కువైనచో స్వతంత్రపరిశోధన లేదందురు. ఆ పుస్తకము యంత్రము కడుపులో లేదు. కావున యంత్రదృష్టిలో నది నా సొంతము.

శాస్త్రిగారు: మంచిది. ఇరువదియేడవ పుటలో 'ఆకుకూరల వేంకటకవి' అనువా డెవ్వడు?

శిష్యుడు: (తడబడుచు) ఆ యధ్యాయము సామ్యమెక్కువగా నుండుటచే, దానిని యంత్రముచేత ఆంగ్లము చేయించి, తిరిగి తెలుగు చేయించితిని. మా డి.టి.పి. సెంటరువారే చేసిపెట్టిరి. అందులో చేమకూరవారు కొంచెము మారినట్లున్నారు.

శాస్త్రిగారు: విజయవిలాసమును రచించి తంజావూరి రఘునాథనాయకుని కొలువులో నంతటి మన్నన పొందినవానిని సంతబజారు తట్టలో గూర్చుండబెట్టితివి.

శిష్యుడు: చేమకూరవారు మాత్రము కథను సొంతముగ గల్పించిరా? ఉలూచి, చిత్రాంగద, సుభద్ర, అర్జునుని తీర్థయాత్ర — అంతయు భారతము ఆదిపర్వములోనిదే గదా. ఆయనను శాతమెంత యని యెవ్వరడిగిరి?

ఆచార్యులు: బాగుగ నడిగితివి! వైవాలో నిదే చెప్పుము.

శాస్త్రిగారు: అడిగినవా రున్నారు. పదవ శతాబ్దమునాటి రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ హరణవిషయమునకే ప్రత్యేకముగ నధ్యాయములు గేటాయించి, శబ్దహరణమును వేరుగ, అర్థహరణమును వేరుగ విచారించి, ప్రతిబింబకల్పము, ఆలేఖ్యప్రఖ్యము, తుల్యదేహితుల్యము, పరపురప్రవేశసదృశము అని రెండవదానికి భేదములు జూపెను. కవులలోను వర్తకులలోను ఈ గుణము బొత్తిగా లేనివాడు దొరకడని యొప్పుకొన్న లౌక్యుడాయన.

శిష్యుడు: అట్లైన నన్ను క్షమించినట్లే!

శాస్త్రిగారు: ఆగుము. అర్థమంతయు పరులదే యయి వాక్యరచన మాత్రము వేరైనచో అది ప్రతిబింబకల్పము. అది విడువదగినదని యాయన తీర్పు. నీవు సంధులు విడదీసి సాధించిన తొమ్మిదిశాతము అచ్చముగ నీ జాతిదే. చేమకూరవాడు భారతకథను దీసికొన్నది నిజము. కాని ప్రతిపద్యమందును తన చమత్కారము నిల్పినాడు. నీ పుటలలో నీవి 'మరియు', 'కాగా' అను రెండు మాటలే.

(పుటలు త్రిప్పుచు మూడవ యధ్యాయమున నాగి, అద్దములు దుడుచుకొని, మరల చూచి, నవ్వుదురు. ఎనుబదియేండ్ల మనిషి యట్లు నవ్వుట యా గ్రంథాలయనిబంధనలకు విరుద్ధమైనను గ్రంథపాలకుడు వారింపడయ్యెను.)

శాస్త్రిగారు: 'విజయవిలాసము నూరు ఆశ్వాసముల ప్రబంధము' అని వ్రాసితివి. నూరా?

శిష్యుడు: అది... ప్రామాణికగ్రంథమునుండి గ్రహించితిని.

ఆచార్యులు: (దర్పముతో) నా సిద్ధాంతగ్రంథమునుండి! ముప్పదియేండ్లనాడు నేను నిర్ధారణచేసిన విషయమది. శిష్యుడు గురువును స్మరించుట తప్పా?

శాస్త్రిగారు: ఆచార్యులవారూ, విజయవిలాసమున మూడాశ్వాసము లున్నవి. నే నుద్యోగమున జేరిన క్రొత్తలో ఒక మాసపత్రికకు వ్యాసము వ్రాయగా, కంపోజిటరు 'మూడు'ను 'నూరు' చేసినాడు. నేను గగ్గోలుపెట్టగా మరుసటి సంచికలో నొకమూల సవరణ ప్రకటించిరి. వ్యాసమును దీసికొనిపోయిన చేతులు సవరణను మాత్రము ముట్టలేదు.

(నిశ్శబ్దము. ఆచార్యులు కంప్యూటరువైపు జూతురు.)

ఆచార్యులు: (నెమ్మదిగా) నా సిద్ధాంతగ్రంథము యంత్రమునకు దొరకునా?

గ్రంథపాలకుడు: భయపడకుడు. అది గాంధీనగరములోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధగంగలో నున్నది గాని, పుటల ఛాయాచిత్రములుగ నున్నది. యంత్రమునకు బొమ్మ గనబడును, అక్షరము గనబడదు. కాని యీ కుర్రవానిది యూనికోడు గనుక, పట్టా వచ్చిన పిమ్మట దానిని శోధగంగలో నుంచిన యెడల, ఇకమీద వచ్చు పరిశోధకులు దీనినుండి యెత్తివ్రాసిన వెంటనే పట్టుబడుదురు. నూరాశ్వాసములకు మూలపురుషుడుగ నీ శిష్యుని పేరే నిల్చును.

శిష్యుడు: (సంతోషమును బట్టజాలక) ఇకమీద వచ్చువారి కీ యవస్థ యెందులకండీ? కృత్రిమమేధ నడిగిన గంటలో క్రొత్తవాక్యములతో గ్రంథము వ్రాసిపెట్టును.

గ్రంథపాలకుడు: దానిని బసిగట్టుటకును సాధనములు వచ్చినవి. 2023 ఏప్రిలులో టర్నిటిన్ వారొకటి తెచ్చిరి. ఆ జూలైలోనే, ఆ మేధను సృజించిన ఓపెన్‌ఏఐ వారు, తమ సాధనమునకు గురి చాలదని దానిని మానుకొనిరి. తయారుచేసినవారే పోల్చుకొనలేనిదానిని జీతమునకున్న నేనేమి పోల్చెదను?

శాస్త్రిగారు: పోల్చుటకు సాధన మేల? నాయనా, నీ గ్రంథమున వివరించిన పద్యములలో నీకు నచ్చినదాని నొక్కదానిని జదివి, అందలి శ్లేష యేదో చెప్పుము.

శిష్యుడు: (గురువువంక జూచును.)

ఆచార్యులు: (శాస్త్రిగారివంక జూచి) ప్రొఫెసరునకు ఎనమండ్రు పరిశోధకులవరకు నుండవచ్చును, నాకు ఎనమండ్రును గలరు. ఎనిమిది మూడులు ఇరువదినాలుగువందల పుటలు! చదువుమనిన నెట్లు? అందులకే గదా యంత్రము గొన్నది?

శాస్త్రిగారు: ఒక్కసారిగ జదువుమని యెవ్వరనిరి? నెలకు పదిపుటలు వ్రాసికొని రమ్మనుడు, చిత్తుప్రతి దాచుమనుడు, మీ యెదుట జదివించి, ఈ మాట యెక్కడిదని యడుగుడు. మూడవనెల వచ్చుసరికి, ఎత్తివ్రాయుటకంటె చదివి వ్రాయుటే తేలికయని కుర్రవానికే తోచును. మాకు పాఠము చెప్పినవారికి వేరు యంత్రము లేదు.

ఆచార్యులు: తమరి కాలము వేరు. (గ్రంథపాలకునితో) తొమ్మిదియే గదా? పర్యవేక్షకుని ధ్రువపత్ర మిటిమ్ము. 'ఈ పరిశోధన గ్రంథచౌర్యరహితమని ధ్రువపరచుచున్నాను' — వాక్యము చక్కగ నున్నది. ఎవరిది?

గ్రంథపాలకుడు: అందరిదియు నదే వాక్యమండి. దానిని లెక్కలో జేర్పరు.

(ఆచార్యులు కలము మూత దీయుదురు. శాస్త్రిగారు ధ్రువపత్రముపై జేయి యుంచుదురు.)

శాస్త్రిగారు: సంతకమునకు ముందు మూడవ యధ్యాయము చదువుడు. నలువది పుటలే. నేను సాయంకాలమువరకు నిచ్చటనే యుందును.