ఎల్‌ఎక్స్‌ఐయా, వీఎక్స్‌ఐయా?

చోడవరంలో పాత ఆల్టో 800 బేరం ఇంజిను దగ్గర మొదలవదు, డిక్కీ మీది అక్షరాల దగ్గర మొదలవుతుంది. ‘‘ఎల్‌ఎక్స్‌ఐ వద్దులే బావా, వీఎక్స్‌ఐ చూడు. చూసినోళ్లు ఏటనుకుంటారు?’’

పవర్ స్టీరింగు రెంటికీ ఉంది. ముందు కిటికీలు రెంటికీ మీట నొక్కితేనే దిగుతాయి. వీఎక్స్‌ఐకి సెంట్రల్ లాకింగు, పాటల పెట్టె అదనం. ఆ ముచ్చటకే బేరంలో వేలు పెరుగుతాయి. అక్షరాల స్టిక్కరు మాత్రం ఏ కారు సామాన్ల కొట్లో అడిగినా ఇస్తారు!

అయినా మన గోతుల బీఎన్ రోడ్డెక్కాక ఏ వేరియంటైనా ఒకటే మోత. తలుపులే పాడుతుంటే పాటల పెట్టె దేనికి?

అసలు అడగాల్సింది తయారీ తేదీ. 2019 జూలై 1 నుంచి కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరైంది. అంతకుముందు చిన్న కార్ల కింది వేరియంట్లలో చాలావాటికి అది లేదు. నలుగురూ ఏమనుకుంటారో చూసుకునే మనం, గుద్దితే ఛాతీ ఏమనుకుంటుందో అడగం.

ఆ మాటకొస్తే మన ఊరి వేరియంటూ మారింది. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా బ్యాడ్జీ పీకి అనకాపల్లి జిల్లా బ్యాడ్జీ అంటించారు. గోతులు మాత్రం పాత మోడలే.

కారు తయారీ నెల, ఏడాది ఆర్సీలోనే ఉంటాయి. అడ్వాన్సు ఇచ్చేముందు ఓసారి కళ్లజోడు పెట్టుకోండి.