రోవరు సెల్ఫీ

చెరుకు ఆడే రోజుల్లో చోడవరం చుట్టుపక్కల ఏ ఊరికెళ్లినా బెల్లం వాసనే. అక్కడి ఒక హైస్కూల్లో సైన్సు చెప్పే మేడమ్ ఆ బెల్లంతోనే ఆమ్లాలు, క్షారాల పాఠం మొదలుపెట్టారు. చెరుకు రసానికి కాస్త ఆమ్లగుణం ఉంటుంది. పెనంలో కాగేటప్పుడు సున్నపు తేట పోస్తే ఆ ఆమ్లం విరుగుతుంది, మడ్డి పైకి తేలుతుంది. సున్నం మోతాదు మించితే మాత్రం బెల్లం రంగు చెడుతుంది. మించిందో లేదో పసుపు పూసిన కాగితం చెప్పేస్తుంది. మామూలు రసంలో ముంచితే రంగు మారదు, క్షారం తగిలిందా పారాణిలా ఎర్రబడుతుంది.

“మీ గానుగల దగ్గర చేసి చూడండి. చేస్తూ సెల్ఫీ తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టండి” అన్నారు మేడమ్.

ఆవిడ సెల్ఫీ అడగడానికి కారణం ఉంది. 2019లో అమెరికాలో పేజ్ జారో బృందం ప్లాస్ వన్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. ఉత్త ల్యాబు పరికరాల ఫోటోలు పెట్టే శాస్త్రవేత్తల కంటే, పనిచేస్తూ నవ్వుమొహంతో సెల్ఫీ పెట్టేవాళ్లే జనానికి ఆప్యాయంగా అనిపించారు. ఆడవాళ్ల సెల్ఫీలు చూశాక సైన్సు మగవాళ్ల వ్యవహారమన్న అభిప్రాయం కూడా కొంత సడలింది. మేడమ్‌కి ముఖ్యంగా కావలసింది ఆ రెండో ఫలితమే. ఆవిడ క్లాసులో సగం మంది ఆడపిల్లలు.

పిల్లలకు ఉత్సాహం రావాలని ముందు క్యూరియాసిటీ రోవరు సెల్ఫీ చూపించారు. అంగారకుడి మీద 2012 అక్టోబరు 31న తనను తానే తీసుకున్న ఫోటో అది.

“కెమెరా ఉన్నది దాని చేతి చివర. మరి ఫోటోలో ఆ చెయ్యేదర్రా?”

క్లాసంతా తెర మీద పడి వెతికింది. 55 ఫోటోలు విడివిడిగా తీసి, చెయ్యి అడ్డం రాని భాగాలు చూసి అతికించారని చెప్పేదాకా ఎవరికీ అంతుపట్టలేదు. అప్పట్నుంచీ ఏ ఫోటో చూసినా ముందు చేతులు వెతకడం పిల్లలకు ఆటైపోయింది.

సోమవారం గ్రూపులోకి వచ్చిన సెల్ఫీలు తెర మీద వేశారు. అన్నింట్లోకీ ఒక అబ్బాయిది మెరిసింది. గానుగ పాక, పెనం మీంచి లేస్తున్న ఆవిరి, వాడి నవ్వు. చెంప పక్కనే రెండు కాగితం ముక్కలు, ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. రంగుల తేడా చివరి బెంచీకి కూడా తెలుస్తోంది. క్లాసు చప్పట్లు కొట్టింది.

వెనక నుంచి ఒక అమ్మాయి లేచింది. “మేడమ్, ఒక చెయ్యి ఫోను పట్టుకుందండి. ఇంకోటి తెడ్డు పట్టుకుందండి. కాగితాలు పట్టుకున్నది ఎవరి చెయ్యండి?”

మేడమ్ ఫోటో పెద్దది చేశారు. అంచులోంచి మణికట్టు దాకా వచ్చిన చిన్న చెయ్యి. గోళ్ల నిండా పసుపు.

“మా చెల్లిదండి” అన్నాడు వాడు. “పసుపు పూసింది, రసంలో ముంచింది, అంతా అదేనండి.”

“మరి చెల్లి మొహం ఏదిరా?”

“ఆడపిల్ల ఫోటో గ్రూపుల్లో వద్దన్నారండి ఇంట్లో. చెయ్యి వరకైతే పర్లేదన్నారండి.”