గోధుమ రంగు నా సాక్ష్యం

కరీంనగర్ శివారులోని ఒక మెడికల్ కాలేజీలో, పాథాలజీ విభాగం ఫ్రిజ్‌లో, చిన్న ప్లాస్టిక్ సీసాలో ఉంటాను. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే నా బతుకు. పేరు ఎస్‌పీ1. కుందేలు కణాల నుంచి పుట్టిన యాంటీబాడీని. రొమ్ము గడ్డ కణాల్లో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఎక్కడుందో వెతికి పట్టుకోవడమే నా పని.

ఆ రిసెప్టర్‌ను 1950ల చివర్లో షికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ గుర్తించారు. ఒకే రకం యాంటీబాడీని ఎడతెగకుండా తయారుచేసే దారిని 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ చూపించారు. ఈ రిసెప్టర్‌ను పట్టే మోనోక్లోనల్ యాంటీబాడీలు 1980 నాటికి జెన్సెన్ బృందం చేతికొచ్చాయి. అంతకుముందు తాజా కండను అతిశీతలంలో దాచి, రేడియోధార్మిక హార్మోన్‌తో కొలిచేవారు. ఇప్పుడు మైనపు దిమ్మె నుంచి కోసిన నాలుగు మైక్రాన్ల పొర చాలు.

ఫార్మలిన్ కండను కాపాడుతుంది కానీ ప్రోటీన్లను ముడివేసి, నేను అతుక్కునే చోటును మూసేస్తుంది. అందుకే స్లైడ్లను బఫర్‌లో ముంచి ప్రెషర్ కుక్కర్‌లో ఉడికిస్తారు. ముళ్లు సడలుతాయి. అప్పుడు నా చుక్క పడుతుంది. రిసెప్టర్ ఉన్న కేంద్రకాలు చివరికి గోధుమ రంగు తేలతాయి, మిగిలినవి నీలంగా ఉంటాయి. వందలో ఒక్క కేంద్రకం రంగు పట్టినా పాజిటివే.

నాకు నిజంగా బాధ కలిగేది కండ నా దాకా చెడి వచ్చినప్పుడే. ఒక ఎండాకాలం మంచిర్యాల వైపు నుంచి గడ్డ వచ్చింది. ఇరుకు సీసాలో మొత్తంగా కుక్కారు, లోపలికి ఫార్మలిన్ దిగలేదు. దాని నడిమి ముక్క మీద నన్ను వేశారు. అంతా నీలమే.

"మేడమ్, పక్కనున్న మామూలు నాళాలు గూడ రంగు పట్టలే" అన్నాడు టెక్నీషియన్.

"అట్లైతే నెగెటివ్ అని రాయద్దు. గడ్డ అంచు నుంచి ఇంకో ముక్క తియ్యి" అంది పాథాలజిస్ట్ మేడమ్.

మామూలు పాలనాళాల్లో కొన్ని కణాలకైనా రిసెప్టర్ ఉండాలి. అవే నాకు సాక్షి. అవి మూగబోతే నా మాటకు విలువ లేదు. అక్కడ ఆగకుండా నెగెటివ్ అని రాసేస్తే, గడ్డలో రిసెప్టర్ ఉండి రోజుకొక టామోక్సిఫెన్ మాత్రతో ఏళ్లపాటు రక్షణ పొందాల్సిన మనిషికి ఆ మాత్రే అందదు.

అంచు ముక్కలో ఫార్మలిన్ బాగా పట్టింది. మామూలు నాళాలు రంగు పట్టాయి. క్యాన్సర్ కేంద్రకాలు ముదురు గోధుమ రంగులో వరుసలుగా తేలాయి. రంగు పట్టిన తీరును లెక్కగట్టే ఆల్‌రెడ్ స్కోరు 8కి 8. రిపోర్టు మీద సంతకం పెట్టాక మేడమ్ ఆ ఆపరేషన్ చేసిన సర్జన్‌కు ఫోన్ చేసింది. "సార్, గడ్డ తీసిన గంటలోపే ఫార్మలిన్‌లో వేయించండి. నడుమ గాటు పెట్టి, వెడల్పు డబ్బాలో, గడ్డకు పదింతల ఫార్మలిన్ పోయించండి. తీసిన టైం, వేసిన టైం రెండూ ఫారం మీద రాయించండి."