ఆరో తరగతి లక్ష్యవాక్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని కొలచెలమ మల్లినాథసూరి తన వ్యాఖ్యానాల మొదట్లో మాట ఇచ్చాడు. ఆయన చేతిలో ఉన్నవి కాళిదాసు, భారవి, మాఘుల కావ్యాలు కనుక ఆ మాట చెల్లింది. మన చేతిలో ఉన్నది లెక్కల మాస్టారి పీరియడ్ ప్లాను. ఇందులో ఉన్నదంతా చెప్పినా పావు పేజీ నిండదు. లేనిదే అసలు సంగతి. కనుక ఆ మహానుభావుడికి ఒక దండం పెట్టి, ఆయన ప్రతిజ్ఞను పక్కన పెట్టి, టీక మొదలుపెడుతున్నాం.

గ్రంథం: ఉన్నత పాఠశాల, ఆరో తరగతి, గణితం, భిన్నాల యూనిట్. కర్త: తెలియదు. నిరుటి నోట్సులోంచి ఈ ఏటి నోట్సులోకి, ఒక వాట్సాప్ గ్రూపులోంచి ఇంకో గ్రూపులోకి నడిచి వచ్చిన వాక్యాన్ని అపౌరుషేయమనడమే మర్యాద. 2017లో విద్యాహక్కు చట్టం కేంద్ర నిబంధనలను సవరించి, తరగతివారీగా అభ్యసన ఫలితాలు ఉండాలన్నాక ఈ జాతి వాక్యాలకు శాసనబలం కూడా చేకూరింది.

మూలం

పీరియడ్ ముగిసేసరికి, ఇచ్చిన పది జతల భిన్నాలలో కనీసం ఎనిమిదింటిలో పెద్ద భిన్నాన్ని విద్యార్థి సరిగా గుర్తిస్తాడు.

ప్రతిపదార్థం

పీరియడ్ ముగిసేసరికి = హాజరు పిలుపునకును, సుద్దముక్క కొరకు పక్క తరగతికి పోయి వచ్చుటకును పోగా మిగిలిన కాలము గడచునంతలో; ఇచ్చిన = ఉపాధ్యాయుడు ఎన్నుకొని రాసినట్టి (ఈ పదముపై ఒక కన్ను వేసి ఉంచునది); పది జతల భిన్నాలలో = బల్లమీది ఇరువది భిన్నములందు; కనీసం ఎనిమిదింటిలో = రెండు తప్పులు క్షమింపదగినవి గావున, తక్కినవానియందు; పెద్ద భిన్నాన్ని = ఎక్కువ విలువ గలదానిని; విద్యార్థి = మొదటి బెంచీ మొదలు కిటికీ పక్క బెంచీ వరకు గల ప్రతి ఒక్కడును, ప్రతి ఒక్కతెయు; సరిగా = పక్కవాని పలక చూడక; గుర్తిస్తాడు = సున్న చుట్టి చూపును.

తాత్పర్యం

ఏ పిల్లవాడికైనా పదికి ఎనిమిది వస్తే ఆనాటి పాఠం వచ్చినట్టే అని భావము.

వ్యాకరణ విశేషాలు

ఈ శాస్త్రంలో క్రియకే ప్రాణం. విద్యార్థి ‘తెలుసుకుంటాడు’, ‘అవగాహన చేసుకుంటాడు’ అని రాయడం దోషం. తెలుసుకున్నాడో లేదో కంటికి కనబడదు కదా. ఈ దోషాన్ని ఎత్తిచూపిన లాక్షణికుడు అమెరికాకు చెందిన రాబర్ట్ మేగర్. 1962లో వచ్చిన ఒక చిన్న పుస్తకంలో ఆయన లక్ష్యవాక్యానికి మూడు అంగాలు చెప్పాడు: విద్యార్థి చేసి చూపే పని, ఏ పరిస్థితిలో చేయాలి, ఎంత బాగా చేస్తే చాలు. మన మూలంలో మూడూ కుదిరాయి. గుర్తించడం పని, పది జతలు పరిస్థితి, ఎనిమిది ప్రమాణం. మన బి.ఎడ్. పుస్తకాల్లో ‘గుర్తుకు తెచ్చుకుంటాడు, భేదాలు తెలుపుతాడు, ఉదాహరణలిస్తాడు’ అంటూ స్పష్టీకరణల పేరిట బట్టీ పట్టించేది ఈ సంప్రదాయాన్నే.

విద్యా లక్ష్యాలను మెట్లుగా పేర్చిన బెంజమిన్ బ్లూమ్ వర్గీకరణలో ఆ మెట్ల పేర్లు మొదట నామవాచకాలు: జ్ఞానం, అవగాహన, వినియోగం, విశ్లేషణ, సంశ్లేషణ, మూల్యాంకనం. 2001లో ఆండర్సన్, క్రాత్‌వాల్ సవరించినప్పుడు అవన్నీ క్రియలయ్యాయి. మూల్యాంకనం ఒక మెట్టు దిగి సృజనకు పైమెట్టు ఇచ్చింది.

అలంకారం: అసంగతి. కారణం ఒకచోట, కార్యం ఇంకొకచోట ఉండడం దీని లక్షణం. ఇక్కడ కారణమైన బోధన నల్లబల్ల దగ్గర, కార్యమైన గుర్తింపు బెంచీ దగ్గర. ఒకరు చేయవలసిన పనికి మరొకరు పూచీ పడడం వల్ల అలంకారం మరింత పుష్టి పొందింది.

పాఠాంతరం

కొన్ని ప్రతులలో ‘80 శాతం విద్యార్థులు పెద్ద భిన్నాన్ని గుర్తిస్తారు’ అని కనిపిస్తుంది. లేఖకులు రెండూ ఒకటే అనుకుని ఎడాపెడా మార్చేశారు. ఒకటి కావు. మొదటి పాఠంలో ఎనిమిది అన్నది లెక్కలకు, రెండోదాంట్లో ఎనభై అన్నది పిల్లలకు. నలభై మంది తరగతిలో రెండో పాఠం ఎనిమిది మందిని గంట కొట్టకముందే వదిలేసింది. మేగర్ చెప్పిన ప్రమాణం ఒక్కొక్క విద్యార్థి పనికి సంబంధించింది గనుక మొదటిదే గ్రాహ్యం.

శంక

ఎనిమిది వచ్చిన పిల్లకు భిన్నాలు పోల్చడం వచ్చినట్టేనా?

సమాధానం

కన్ను వేసి ఉంచమన్న ‘ఇచ్చిన’ పదం దగ్గరికి ఇప్పుడు రావాలి. బల్లమీద ఏమి ఇచ్చారు? 2/7, 5/7. తర్వాత 3/8, 1/8. ఆ తర్వాత 4/9, 7/9. ఇలా ఎనిమిది జతలు సజాతి భిన్నాలు, అంటే హారాలు సమానం. చివరి రెండు జతల్లో మాత్రం లవాలు సమానం: 1/3, 1/5 ఒక జత; 2/9, 2/5 ఇంకో జత.

ఒక అమ్మాయి మొదటి ఎనిమిదింటిలో సరైన భిన్నాలకే సున్న చుట్టింది. చివరి రెండింటిలో 1/5కీ 2/9కీ చుట్టింది. పదికి ఎనిమిది. లక్ష్యం సిద్ధించింది, రిజిస్టరులో టిక్కు పడింది. ఎలా చేశావమ్మా అని అడిగితే వచ్చే జవాబు: “పెద్ద అంకె ఉన్నదే పెద్దది కదా సార్.”

ఆ పిల్ల కొత్త తప్పేమీ చేయలేదు, ఒకటో తరగతి నుంచి చెల్లుతున్న పాత ఒప్పునే కొనసాగించింది. మూడు కన్నా ఐదు పెద్దదని నేర్పింది మనమే. హారం పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుందన్న సంగతి ఆమెదాకా రానేలేదు. అయినా ప్రమాణం దాటింది, ఎందుకంటే పాఠం రాకపోయినా ఒప్పయ్యే జతలు సరిగ్గా ఎనిమిది ఇచ్చారు. రేపు 1/2, 1/3 కూడమంటే లవాలు లవాలకు, హారాలు హారాలకు కలిపి 2/5 అంటుంది. అర కన్నా అది తక్కువ. కూడితే తగ్గిందేమిటన్న అనుమానం కూడా రాదు.

పూర్వపక్షం

అలాగైతే ఈ కొలతలన్నీ దండగ, మంచి మాస్టారు పిల్లల మొహం చూసే పట్టేస్తారు అని కొందరు.

సిద్ధాంతం

పట్టలేరు. కొలత లేని తరగతిలో మాస్టారు “అర్థమైందా?” అంటారు, “అర్థమైంది సాఆర్” అని తరగతి రాగం తీస్తుంది. ఆ రాగంలో ఈ అమ్మాయి గొంతు అందరికన్నా గట్టిగా వినిపిస్తుంది. కాగితం మీద సున్న చుట్టింది గనుకే ఆమె లెక్క బయటపడింది. దోషం కొలవడంలో లేదు, జతల ఎంపికలో ఉంది. బ్లూమ్ వర్గీకరణ పుట్టుక కూడా ఈ సిద్ధాంతానికి సాక్ష్యం. 1948లో బోస్టన్‌లో కలిసిన కాలేజీ పరీక్షకులు తమ ప్రశ్నలను ఒకరితో ఒకరు పంచుకోవడానికి వీలుగా ఒక చట్రం కావాలనుకున్నారు. అదే 1956లో పుస్తకమైంది. ప్రశ్నల కోసం పుట్టినదాన్ని మనం ప్లాను మొదటి వరుసలో కూర్చోబెట్టి, ప్రశ్నలను ఆఖరి అయిదు నిమిషాలకు తోచినట్టు రాసుకుంటున్నాం.

పరిష్కృత పాఠం

హారాలు సమానమైన ఐదు జతలు, లవాలు సమానమైన ఐదు జతలు ఇచ్చినప్పుడు, ఒక్కొక్క రకంలో కనీసం నాలుగింటిలో పెద్ద భిన్నానికి విద్యార్థి సున్న చుట్టి, ఒక జతకు కారణం కాగితపు పట్టీలతో చూపుతుంది.

ఇందులో విశేషం: పై అమ్మాయికి ఇప్పుడు మొదటి రకంలో ఐదు, రెండో రకంలో సున్నా వస్తాయి. ఆమెకు ఏమి రాలేదో అరక్షణంలో తెలుస్తుంది. ఏమి బోధించాలో కూడా వాక్యమే చెబుతుంది. 15 సెంటీమీటర్ల పట్టీలు రెండు. ఒకదాన్ని మూడు భాగాలు చేస్తే ముక్క 5 సెంటీమీటర్లు, రెండోదాన్ని ఐదు చేస్తే 3 సెంటీమీటర్లు. ఐదు మడతలు చేత్తో సరిగా రావు కనుక స్కేలు పెట్టి గీతలు గీయించాలి. గీసిన పిల్ల రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటుంది.

ఫలశ్రుతి

ఈ టీకను పఠించిన ఉపాధ్యాయునకు కాంప్లెక్స్ సమావేశమున నిద్ర రాకుండును. ముందుగా పది ప్రశ్నలు రాసుకొని, పాఠము రాకున్నను ఒప్పగునవి ఎన్నియో ఏరి తీసివేసి, ఆ తరువాత లక్ష్యవాక్యము రాసినవారికి ఎవరికి ఏది రాలేదో ఆనాడే తెలియును. నిరుటి నోట్సు చూచి రాసినవారికి హెడ్మాస్టరుగారి ఆకుపచ్చ సంతకము మాత్రమే లభించును.